తిరగేసి చూడు తల్లీ



మొన్న రాత్రి ఫోన్లో అయిదు ఫొటోలు పంపి, "అమ్మమ్మా, దసరాకి ఏది తీసుకోమంటావ్?" అని అడిగావు. ఒక లెహంగా, ఒక అనార్కలీ, రెండు మగ్గం వర్కు జాకెట్లు, ఒక చికన్ కుర్తా. అన్నీ కళకళలాడుతున్నాయి. నేను మాత్రం ఏదీ తేల్చి చెప్పలేకపోయాను. ఫొటోలో బట్ట ముఖమే కనబడుతుంది. కుట్టుపని బాగోగులు తెలియాలంటే దాని వీపు చూడాలి. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ మొదటి జీతంతో కొనుక్కుంటున్న పండగ బట్టలు ఇవి. పది పండగల పాటు నీ వెంట ఉండాలని నా ఆశ.

మన వీధిలో నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన చేతులివి. మీరంతా బ్లౌజు అంటారు, నాకు జాకెట్టు అనడమే అలవాటు. పని చేయించిన గుడ్డ ఎవరు తెచ్చినా, కత్తెర పట్టేముందు దాన్ని తిరగేసి చూసేదాన్ని. కొనేటప్పుడూ, కట్టుకునేటప్పుడూ, ఉతికేటప్పుడూ, ఇస్త్రీ చేసేటప్పుడూ, దాచేటప్పుడూ నన్ను ఆదుకున్నది ఆ ఒక్క అలవాటే. నీకు చెప్పదలచుకున్నదీ అదే. తిరగేసి చూడు తల్లీ. మిగతాదంతా ఆ మాటకి వివరం.

ముందు మగ్గం వర్కు సంగతి. నాలుగు కర్రల చట్రానికి గుడ్డని డప్పుకి తోలు బిగించినట్టు బిగిస్తారు. నేత మగ్గంలా ఉంటుందనే మనవాళ్లు దానికా పేరు పెట్టుకున్నారు. బటర్ పేపరు మీద డిజైను గీసి, గీత వెంబడి సూదితో చిన్న చిన్న కన్నాలు పొడుస్తారు. కిరసనాయిల్లో కలిపిన పొడిని ఆ కాగితం మీద రుద్దితే గుడ్డ మీద చుక్కచుక్కలుగా డిజైను దిగుతుంది. తర్వాత ఆరీ సూది. దాని కొనకి కంటికి ఆననంత చిన్న కొక్కెం ఉంటుంది. కుడిచెయ్యి గుడ్డ పైన సూదితో, ఎడమచెయ్యి గుడ్డ కింద దారంతో ఉంటాయి. సూది కిందికి దిగి, దారాన్ని అందుకుని, ఉచ్చులా పైకి లాగుతుంది. రెండో కుట్టు ఆ ఉచ్చులోంచే వస్తుంది. అందుకే ముందువైపు గొలుసులా, వెనకవైపు సన్నటి గీతలా కనిపిస్తుంది. ఎప్పుడైనా ఏ మగ్గం దగ్గరైనా ఓ పది నిమిషాలు కూర్చుని చూడు. పైచెయ్యి ఏం చేస్తోందో మనకి కనిపిస్తుంది. కిందిచెయ్యి దారం అందిస్తున్న సంగతి మాత్రం కనబడదు. పనంతా ఆ రెండు చేతుల పొత్తు మీదే నడుస్తుంది.

కొట్లో మొహమాటపడకుండా జాకెట్టు తిరగేసి అడుగు. చేతిపని అయితే వెనక సన్నటి గీతలు, అక్కడక్కడ దారం ముగిసినచోట ముడులు కనిపిస్తాయి. ఆ ముడులు బిగుతుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడు. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దారాన్ని బెత్తెడు పొడవున గెంతించి ఉంటే, వేసుకునేటప్పుడు గాజో ఉంగరమో తగిలి పుటుక్కున తెగుతుంది. వెనకంతా ఒకే తీరున తెల్లదారం పరుచుకుని, బిరుసు కాగితం లాంటిది అంటుకుని ఉంటే అది కంప్యూటర్ వర్కు. కంప్యూటర్ వర్కు వేసుకోవడం తప్పని నేననను. రోజూ ఆఫీసుకి వేసుకునేవాటికి అది హాయి, ధరా తక్కువ. చేతిపని డబ్బులు పోసి మిషన్ పని తెచ్చుకోకు, అంతే. కుందన్ రాళ్లని గోటితో మెల్లగా కదిపి చూడు. అంచు చుట్టూ దారమో తీగో పట్టి ఉంటే కుట్టినవి. ఏ పట్టూ లేకుండా కూర్చుని ఉంటే జిగురుతో అతికించినవి. వాటి కథ ముందు ముందు చెబుతాను.

జర్దోసీ అన్న మాట ఈమధ్య ప్రతి కొట్లోనూ వినపడుతోంది. పర్షియన్‌లో 'జర్' అంటే బంగారం, 'దోజీ' అంటే కుట్టడం. సన్నటి తీగని స్ప్రింగులా చుట్టి, వడ్లగింజంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనీ పూసలా సూదికి గుచ్చి కుడతారు. లక్నో జర్దోసీకి 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన హైదరాబాదులో ఈ పనిని కార్చోబీ అంటారు, కార్చోబ్ అంటే ఆ చట్రమే. పాతబస్తీ పెళ్లిళ్లలో పెళ్లికూతురు వేసుకునే ఖడా దుపట్టా ఆరు గజాలుంటుంది. దానిమీద ఈ పని చూస్తే కళ్లు తిప్పుకోలేం.

ఇక జరీ. అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండితీగ చుట్టి బంగారు పూత పూస్తారు. టెస్టెడ్ జరీలో లోపల రాగి ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ప్లాస్టిక్ జరీ. ఒక దారప్పోగు అడిగి తీసుకుని రాయి మీద రుద్ది చూడు. తెల్లగా మెరిస్తే వెండి, ఎర్రగా కనిపిస్తే రాగి. నిప్పు చూపిస్తే ముడుచుకుని కరిగిపోయేది ప్లాస్టిక్. మూడింటికీ మూడు ధరలుంటాయి. ఏదో తెలుసుకుని కొను. అసలు జరీ నల్లబడినా పనివాళ్ల చేత మెరుగు పెట్టించుకోవచ్చు. ప్లాస్టిక్ జరీ నల్లబడదు గానీ ఇస్త్రీపెట్టె వేడికి తట్టుకోదు.

పని ఎంత బరువుందో గుడ్డ అంత గట్టిగా ఉండాలి. పల్చటి నెట్టు మీద అరకిలో పూసలు కుట్టిన లెహంగా కొట్లో బొమ్మకి తొడిగి ఉన్నంతకాలం బాగుంటుంది. రెండుసార్లు కట్టుకునేసరికి పూసల చుట్టూ గుడ్డ చిరుగుతుంది. పనివైపు పట్టుకుని పైకెత్తి చూడు. గుడ్డ వేలాడి, పువ్వు చుట్టూ ముడతలు పడితే అది పనికి చాలని గుడ్డ. పనికింద ఇంకో గుడ్డ వేసి కుట్టారా అని తిరగేసి చూడు. పట్టు అని చెబితే సిల్క్ మార్క్ చీటీ ఉందేమో అడుగు. అది 2004 నుంచి వస్తోంది. చీటీ లేకపోతే లోపలి కుట్టుమార్జిన్‌లోంచి ఒక పోగు లాగి కాల్చి చూడు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిగా నలిగితే పట్టు. గట్టి ముద్దలా మిగిలితే పాలిస్టరు.

రంగుని కొట్లోని దీపాల కింద నమ్మకు. గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడు. ఆ దీపాల కింద బంగారంలా ఉన్న జరీ ఎండలో పచ్చగా తేలిపోవచ్చు. నీ ఒంటిరంగుకి ఫలానాది నప్పదని ఎవరన్నా అంటే విని ఊరుకో. చామనఛాయ మీద కుంకుమరంగూ, నెమలికంఠం రంగూ, ఆవపూవు రంగూ ఎంత వెలుగుతాయో అద్దమే చెబుతుంది. మీ అమ్మని కూడా చిన్నప్పుడు ఎవరో అలాగే అని బాధపెట్టారు. పట్టుబట్టి దానికి వంగపండు రంగు పరికిణీ కుట్టించాను. ఆ ఏడు ఊళ్లో అందరి కళ్లూ దానిమీదే.

ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి సరిపోయిందనుకోకు. బాసింపట్టు వేసుకుని కూర్చుని చూడు. అమ్మవారికి పూలు వేస్తున్నట్టు చేతులు చాపు. బుజ్జిపిల్లని ఎత్తుకున్నట్టు చేతులు పైకెత్తు. చంకలో పట్టేసినా, మెడ మీద పూసలు గుచ్చుకున్నా ఆ రోజంతా పండగ ఒంటి మీదే ఉంటుంది, మనసులో ఉండదు. లోపల మెత్తటి కాటన్ లైనింగు లేని పని జాకెట్టు నీకొద్దు. మన చర్మానికి తగిలేది బట్ట వెనకే కదా.

ఏ పండక్కి ఏది అన్నది కూడా ఆలోచించాలి. దేశంలో ఏ కుట్టు అయినా ఒక ఊరి ఎండావానల్లో పుట్టిందే. ఉగాది నాటి ఎండకి నువ్వు ఫొటో పంపిన ఆ చికన్ కుర్తా ఉందే, అదే మేలు. లక్నోవాళ్ల పని. నీలిమందుతో అచ్చు వేసి, దాని మీద కుట్టి, ఆఖర్న ఉతికితే నీలం పోతుంది. ముర్రీ కుట్టు బియ్యపుగింజలా ఉబ్బి ఉంటుంది. బఖియా కుట్టుని వెనకనుంచి వేస్తారు, ముందువైపు నీడలా తేలుతుంది. జాలీలో దారాలు కత్తిరించరు, సూదితో పక్కకి జరిపి కిటికీలు తీస్తారు. జాలీ బెజ్జాల అంచులు తెగి పీచులేచి ఉంటే అది కత్తిరించి చేసిన అనుకరణ. పంజాబీల ఫుల్కారీని కూడా గుడ్డ వెనకనుంచే పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు, అది చలికాలానికి బాగుంటుంది. ధార్వాడ వైపు కసూతీ పనికి ఒక్క ముడీ ఉండదు, గవంతీ కుట్టయితే ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. మన లంబాడీ తండాల్లో ఆడవాళ్లు అద్దాలూ గవ్వలూ కూర్చి కుట్టుకునే కాంచళీ, ఫేటియా చూశావుగా. ఆ పని ఉన్న ఓణీ ఒకటి బతుకమ్మ ఆడేటప్పుడు వేసుకో. దీపాల మధ్య తిరుగుతుంటే అద్దాలు ఎంత అందంగా పలుకుతాయో! అసలు పనిలో అద్దాన్ని చుట్టూ దారంతో వల అల్లినట్టు బిగిస్తారు, అతికించరు. నరసాపురం లేసు అల్లికే గానీ కుట్టుపని కాదు. కానీ సాదా ఓణీ అంచుకి అది వేయించుకుంటే ఆ అందం వేరు. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి ఒడ్డున కొంగుచాటున తరాలుగా అల్లుకుంటున్న ఆ ఆడవాళ్లని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. దీపావళికీ, భోగిమంటకీ నెట్టూ, జార్జెట్టూ, పాలిస్టరూ కట్టుకోకు. నూలు గుడ్డకి నిప్పంటుకుంటే కాలుతుంది గానీ కరగదు. ఇవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. మతాబులు కాల్చే గంటసేపు పాత నూలుచీరో కాటన్ చుడీదారో వేసుకో. పైట బొడ్లో దోపుకో. లోపలికి వచ్చాక మెరిసే బట్టలు కట్టుకుని ఎన్ని ఫొటోలైనా దిగు. తమ్ముడికీ ఈ మాట చెప్పు, వాడి కుర్తా మీది మెరుపంతా ప్లాస్టిక్కే.

జాకెట్టుకి పని చేయించాలనుకుంటే నెల ముందే ఇవ్వు. ముందు దర్జీ దగ్గరికి వెళ్లి, గుడ్డ మీద మెడా, భుజమూ, చేతులూ నీ కొలతలకి గీయించుకుని, ఆ తర్వాత మగ్గం దగ్గరికి తీసుకెళ్లు. గీయకుండా ఇస్తే పువ్వు కుట్టులోకి పోతుంది, మామిడిపిందె చంకలో దాక్కుంటుంది. ప్రక్కకుట్టు దగ్గర ఒకటిన్నర అంగుళం మార్జిన్ వదిలించు. అక్కడ పూసలు వద్దని చెప్పు, మిషన్ సూది విరుగుతుంది. ఈ వయసులో ఒళ్లు ఒకేలా ఉండదు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. ఆ వదిలిన ఒకటిన్నర అంగుళమే రేపు ఆ జాకెట్టుని మళ్లీ నీ ఒంటి మీదికి తెస్తుంది. పని అయ్యాక మిగిలిన పూసలు, చమ్కీలు, రెండు మూరల దారం అడిగి తెచ్చుకో. చిన్న పొట్లం కట్టి ఆ బట్టతోనే ఉంచు.

అలంకారం మాటకొస్తే నాకు తెలిసింది ఒకటే సూత్రం. ఒకటి పలుకుతుంటే మిగతావి వినాలి. పెద్ద అంచు పట్టుచీర పలుకుతుంటే జాకెట్టు మెడకి సన్నటి తీగ చాలు. జాకెట్టు వీపంతా నెమళ్లు ఆడుతుంటే చీర సాదాగా, అంచు సన్నగా ఉండాలి. మెడ చుట్టూ పని నిండుగా ఉన్నప్పుడు హారం వేస్తే రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. బుట్టకమ్మలు పెట్టుకుని మెడ బోసిగా వదిలెయ్యి. చేతుల మీద పని ఉంటే వంకీ వద్దు. అందానికే కాదు, దాని కొసలు దారాల్ని పీకుతాయి. జరీ పసుపుగా ఉంటే బంగారం, తెల్లగా ఉంటే వెండీ ముత్యాలూ, పాతబడిన ఇత్తడి ఛాయలో ఉంటే నా కాసులపేరు తీసుకెళ్లు. లెహంగా అంచు కొలిపించుకునేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే నిలబడు. బరువున్న లెహంగాకి సన్నటి బొందు కోసుకుపోతుంది. నడుం పట్టీ వెడల్పుగా వేయించుకో.

తయారయ్యేటప్పుడు వరస తప్పకు. సెంటు ముందు, ఆరాక బట్టలు, ఆఖర్న నగలు. సెంటు జరీ మీద పడితే మచ్చ కడుతుంది. పిన్ను పెట్టేచోట కింద చిన్న గుడ్డముక్క వేసి, కుట్టు సందులో గుచ్చు, పని మీద గుచ్చకు. జడలో తడి పూలు పెట్టకు. కనకాంబరాల తడి పట్టుజాకెట్టు వీపు మీద దిగితే ఆ మరక ఎంతకీ పోదు. పూలని కాసేపు పొడిగుడ్డ మీద ఆరనిచ్చి పెట్టుకో. విందులో కూర్చునేటప్పుడు ఒళ్లో తువ్వాలు పరుచుకో. ఎవరేమనుకుంటారోనని చూడకు, పులుసు మరక వాళ్లొచ్చి ఉతకరు.

మన పండగల్లో పసుపు పడని బట్ట ఉండదు. పేరంటంలో కాళ్లకి రాస్తారు, అంచుకి అంటుతుంది. కంగారుపడి సబ్బు రుద్దకు. సబ్బు క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. ఆరాక పొడిగా దులిపి, తెల్లటి కాటను అంచయితే మామూలు నీళ్లతో కడిగి ఎండలో వెయ్యి. పసుపు ఎండకి నిలవదు, మెల్లగా తేలిపోతుంది. పట్టుకీ రంగుబట్టకీ మాత్రం ఎండ పనికిరాదు, వాటి రంగు కూడా పోతుంది. వాటిని తెలిసినవాళ్లకి చూపించు.

పండగ అయిపోయి అలసిపోయి వస్తావు. విప్పిన బట్టల్ని కుర్చీ మీద పడేసి నిద్రపోకు. పది నిమిషాలు. జాకెట్టు తిరగేసి, ఫ్యాను కింద నీడపట్టున పరిచి ఉంచు. చెమటలోని ఉప్పు జరీకి పెద్ద శత్రువు. చంకల దగ్గర లైనింగుని తడి గుడ్డతో అద్దినట్టు తుడిచి, పొడి గుడ్డతో ఒత్తు. నీళ్లు ముందువైపు పనిదాకా పోనివ్వకు. మా రోజుల్లో చంకల్లో విడిగా గుడ్డ పట్టీలు టాకా వేసుకుని, పండగయ్యాక విప్పి ఉతుక్కునేవాళ్లం. ఇప్పుడు కొట్లో చెమట ప్యాడ్లు దొరుకుతున్నాయి. జాకెట్టు ఆయుష్షు పెంచేది అదే.

చికన్ కుర్తా లాంటి నూలువాటిని ఇంట్లోనే చేత్తో ఉతుక్కోవచ్చు. ముందు లోపలి అంచు మీద తడి తెల్లగుడ్డ ఒత్తి రంగు దిగుతుందేమో చూడు. తిరగేసి, చన్నీళ్లలో కుంకుడురసమో మెత్తటి సబ్బుద్రవమో కలిపి, ముంచి తీసినట్టు ఉతుకు. బ్రష్షు వద్దు, పిండొద్దు. తువ్వాల్లో చుట్టి ఒత్తితే నీళ్లు పోతాయి. అద్దాలపనిని అసలు రుద్దకు, అద్దం అంచు దారాన్నే కోస్తుంది. జర్దోసీ, కుందను, పూసలపని ఉన్నవి ఇంట్లో తడపకు. ఏడాదికో రెండేళ్లకో పెట్రోల్ వాష్‌కి ఇస్తే చాలు.

ఇచ్చేముందు మాత్రం నోరు తెరిచి మాట్లాడు. మీ అమ్మ రిసెప్షన్ చీర సంగతి ఇంతవరకూ నీకు చెప్పలేదు. ఉన్న డబ్బులన్నీ కూడబెట్టి కొన్న రాణీరంగు చీర, నిండా కుందన్లు. పెళ్లయిన వారానికి ఒక కొట్లో ఉతకడానికి ఇచ్చాను. ఏ పని ఉందో చెప్పలేదు, నేను తిరగేసి చూసుకోనూ లేదు. తిరిగొచ్చాక మడత విప్పితే సగం రాళ్లు లేవు. కవరు అడుగున గుప్పెడు రాళ్లు ఉన్నాయి. అవి జిగురుతో అతికించినవి, ఆ ద్రావకానికి జిగురు కరిగిపోయింది. మీ అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక్కో రాయీ దారంతో కుట్టుకుంటూ పోయాం. ఆ చీర ఇప్పటికీ కడుతుంది, కానీ కొనేరోజునే తిరగేసి చూసుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధే. అందుకే చెబుతున్నాను. రాళ్లు కుట్టినవో అతికించినవో, జరీ ఏమిటో, మరక ఎక్కడుందో, దేనివల్ల పడిందో అన్నీ చెప్పి ఇవ్వు. ఇచ్చేముందు నాలుగువైపులా ఫొటో తీసుకో.

ఇస్త్రీ కూడా వెనకనుంచే. బల్ల మీద మందపాటి తువ్వాలు మడతపెట్టి పరిచి, పనివైపు కిందికి ఉండేలా జాకెట్టు వెయ్యి. పూసలూ పువ్వులూ తువ్వాలు మెత్తదనంలోకి దిగుతాయి, నలగవు. వెనకవైపు పల్చటి నూలుగుడ్డ కప్పి, వేడి తగ్గించి, పెట్టెని ఎత్తి ఎత్తి అద్దు. ఈడ్చకు. చమ్కీలున్నచోట ఆగకు, క్షణంలో ముడుచుకుపోతాయి. మఖమల్ మీద అసలు ఇస్త్రీ వద్దు. వేన్నీళ్ల ఆవిరి నిండిన గదిలో కాస్త దూరంగా వేలాడదీస్తే ముడతలు వాటంతటవే దిగుతాయి. ఆరాకే మడతపెట్టు.

దాచడం గురించి మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పండగ బట్టలన్నీ మా నాన్న పాత పంచెల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేది. వందసార్లు ఉతికిన పంచె కంటే మెత్తటి గుడ్డ ఎక్కడుంది? నూలుగుడ్డ గాలి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ కవరు చెమ్మని లోపలే పట్టి ఉంచి బూజు తెస్తుంది. పనివైపు లోపలికి వచ్చేలా మడిచి, మడతల మధ్య మల్లుగుడ్డ పెట్టు. మూడునెలలకోసారి మడత మార్చు, ఒకే గీత మీద ఉంటే జరీ అక్కడ విరుగుతుంది. బరువు లెహంగాలు వేలాడదీయకు, తమ బరువుకి తామే సాగుతాయి. రబ్బరు బ్యాండు తగలనివ్వకు. వెండిని నల్లబరిచే గంధకం రబ్బరులో ఉంటుంది. నాఫ్తలీన్ ఉండలు పనికి తగలకూడదు. ఎండిన వేపాకు, వసకొమ్ము, లవంగాలు చిన్న గుడ్డమూటలో కట్టి పెట్టెలో ఒక మూల ఉంచు. వానాకాలం వెళ్లాక ఒక పొద్దుట నీడలో, గాలి తగిలేచోట అరగంట పరిచి మళ్లీ పెట్టు.

ఏదైనా దారం పైకి లేచిందనుకో. కత్తిరించకు, లాగకు. ఆరీ కుట్టు గొలుసు కదా, ఒక కొస పట్టుకుని లాగితే పువ్వు పువ్వంతా ఊడొస్తుంది. సూదితో ఆ కొసని వెనక్కి గుచ్చి, అక్కడ చిన్న ముడి వెయ్యి. పూస ఊడితే ఆ పొట్లం ఉందిగా. బట్ట పాతబడి చిరిగినా పని బాగుంటే మెడ పట్టీ కత్తిరించి కొత్త గుడ్డకి కుట్టించు. బెంగాలీ ఆడవాళ్లు పాతచీరల్ని పొరలు పొరలుగా వేసి కాంతా కుట్టారంటే, మెత్తబడిన బట్ట విలువ వాళ్లకి తెలుసు. ఒక్కసారి ఫొటోలో పడిందని మళ్లీ కట్టకూడదనే మాట నువ్వు నమ్మొద్దు. చీర మార్చు, నగ మార్చు, జడ మార్చు, అదే జాకెట్టు కొత్తగా ఉంటుంది.

ఒక్కమాట. ధర దగ్గర బేరం ఆడు, ఆడాలి కూడా. కానీ చేతిపని వాళ్ల కూలి దగ్గర గీచి గీచి ఆడకు. నిండుగా ఉన్న జాకెట్టుకి ఇద్దరు కూర్చున్నా రోజులు పడతాయి. మెడ వంచి, కళ్లు చికిలించి చేసే పని, నలభై ఏళ్లు రాకుండానే చూపు మసకబారుతుంది. రేపటికి కావాలని నువ్వు తొందరపెడితే రాత్రంతా దీపం కింద కూర్చోవాల్సింది వాళ్లు. చిన్నపిల్లల్ని ఆ చట్రాల ముందు కూర్చోబెట్టారని తెలిస్తే ఆ కొట్టు మెట్లు ఎక్కకు. పని నచ్చితే ఎవరు చేశారో కనుక్కుని వాళ్లకే చెప్పు. నా దగ్గరికి నలభై ఏళ్లలో జాకెట్టు బాగా కుదిరిందని చెప్పడానికి మళ్లీ నడిచొచ్చినవాళ్లు కొద్దిమంది. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

ఇంతకీ ఆ అయిదింటిలో ఏది అంటావా? చికన్ కుర్తా తీసుకో, రోజులు వెళ్లేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. లెహంగా వద్దు, ఫొటోలోనే నెట్టు వేలాడుతోంది. మగ్గం జాకెట్లలో మెరూన్ రంగుది వెనక చూసి, నచ్చితే తీసుకో. అనార్కలీ నీ ఇష్టం.

రెండో మగ్గం జాకెట్టు కొనకు. దాని బదులు నేనొకటి పంపిస్తున్నాను. 1974లో నా పెళ్లికి మా మేనమామ హైదరాబాదు పత్తర్‌గట్టీ నుంచి తెచ్చిన ఆకుపచ్చ మఖమల్ జాకెట్టు, మెడకీ చేతులకీ జర్దోసీ. మా నాన్న పంచెలోనే చుట్టి ఉంది, ఆ పంచెతోనే ఉంచుకో. తిరగేసి చూడు. ప్రక్కకుట్టులో అప్పటి దర్జీ వదిలిన మార్జిన్ అలాగే ఉంది, నీ కొలతకి సరిపోతుంది. ఎడమ చెయ్యి లోపల, రంగు కలవని దారంతో వేసిన ముడి ఒకటి కనిపిస్తుంది. ఒక సంక్రాంతికి మీ అమ్మని చంకనెత్తుకుంటే దాని గాజు తగిలి తెగిన తీగ అది. ఆ రాత్రే దీపం కింద కూర్చుని కుట్టాను. ముందునుంచి ఎవరికీ తెలియదు.

దసరాకి అది వేసుకుని రా. గుమ్మంలో నిలబెట్టి కళ్లారా చూసుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ